భిలాయ్ పిల్లకు పరాయి ఇల్లు కొత్తా?

ఒకప్పుడు గోదావరి జిల్లాల వాళ్లు పన్నెండేళ్ల పిల్లను వెంటబెట్టుకుని ఫ్రెంచి గడ్డ మీద కాలుపెట్టారంటే ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు. పెళ్లికే. శారదా చట్టం 1929లో వచ్చింది. 1930 ఏప్రిల్ 1 నుంచి బ్రిటిష్ ఇండియాలో 14 ఏళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చేస్తే నేరం. ఆ చట్టం చెల్లని చోటు కూతవేటు దూరంలోనే ఉంది, యానాం. చుట్టూ మన పొలాలే, మన మాటే, మన చుట్టాలే, జెండా ఒక్కటే ఫ్రెంచివాళ్లది. మేళతాళాలతో వెళ్లి మూడు ముళ్లూ వేయించి తిరిగొచ్చేవారు. 1954లో ఫ్రెంచి పాలన పోవడంతో ఆ దారీ మూసుకుపోయింది.

ఇప్పుడున్న దారి వేరు. పదహారేళ్ల పిల్లో పిల్లాడో ఒంటరిగా విమానం ఎక్కి, ముక్కూ మొహం తెలియని ఫ్రెంచి కుటుంబంలో దిగి, వాళ్ల పిల్లలతో పాటు బడికి వెళ్తూ, వాళ్ల వంటే తింటూ ఏడాది గడిపి రావచ్చు. దీన్నే యూత్ ఎక్స్ఛేంజ్ అంటారు. దేశంలో ఇలాంటి ఏడాదికి పుట్టుకతోనే తయారై ఉన్న పిల్లలు ఎక్కడున్నారని అడిగితే, హైదరాబాద్ ఇంటర్నేషనల్ స్కూళ్ల పేర్లు చెప్తారు చాలామంది. అది తప్పు. వాళ్లు ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ టౌన్‌షిప్‌లో ఉన్నారు. కాకపోతే ఆ ఏడాదిని వాళ్ల చేతిలో పెట్టడానికి ఇంట్లోనూ బళ్లోనూ ఎవరికీ మనసొప్పడం లేదు.

ఎక్స్ఛేంజ్ అంటే ఏమిటో తెలియని వాళ్లకు రెండు ముక్కలు. రోటరీ క్లబ్బులు నడిపే పద్ధతిలో 15 నుంచి 19 ఏళ్ల పిల్లలు ఒక విద్యా సంవత్సరం పాటు వెళ్తారు. సాధారణంగా ఒకే ఇంట్లో కాదు, రెండు మూడు ఇళ్లు మారతారు. ఆతిథ్యమిచ్చే కుటుంబానికి అద్దె గానీ భోజనం ఖర్చు గానీ ఎవరూ ఇవ్వరు. విమానం టికెట్టు, బీమా, వీసా ఖర్చులు పిల్ల ఇంటివాళ్లవి. తాగుడు, మత్తుమందులు, ప్రేమ వ్యవహారాలు, బండి నడపడం, ఈ నాలుగూ నిషేధం. ఇంగ్లీషులో నాలుగూ ‘డి’తో మొదలవుతాయి కాబట్టి పిల్లలకు బాగానే గుర్తుంటాయి. పాటించడం సంగతి వాళ్లకే తెలియాలి.

ఈ పిల్లలకు ఒక కోటు ఉంటుంది. ఇల్లు వదిలే రోజున అది మామూలు కోటు. వేరే దేశం పిల్ల ఎవరు కలిసినా పిన్నుకు పిన్ను మార్చుకుని దాని మీద గుచ్చుకుంటారు. బ్రెజిల్ జెండా, ఫిన్లాండ్ దుప్పి, ఎవరి ఊరిదో బొమ్మ, ఎవరి అమ్మో అల్లిన గుడ్డ పువ్వు. ఏడాది తిరిగేసరికి కోటు గుడ్డ కనపడదు, వేసుకుంటే భుజాలు లాగేస్తుంది. మన దగ్గర సర్టిఫికెట్లను లామినేషన్ చేయించి బీరువాలో పెట్టినట్టు, వాళ్లు ఆ కోటును దాచుకుంటారు. దాని మీద మార్కులేమీ ఉండవు.

ఈ పద్ధతికి ఫ్రాన్సు పుట్టిల్లు అనుకున్నా తప్పులేదు. రోటరీ పత్రాల్లో కనిపించే తొలి విద్యార్థుల మార్పిడి 1927లో ఫ్రాన్సులోని నీస్ నగరపు క్లబ్బు మొదలుపెట్టినది. మరో పెద్ద సంస్థ ఏఎఫ్ఎస్ చరిత్ర ఇంకా చిత్రం. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, ఫ్రెంచి సైనికులను మోసుకెళ్లే అంబులెన్సులు నడపడానికి వచ్చిన అమెరికన్ యువకుల దళం అది. రెండు యుద్ధాలూ చూశాక ఆ డ్రైవర్లే గాయపడ్డవాళ్లను మోయడం మాని, 1947 నుంచి బడిపిల్లలను ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తీసుకెళ్లడం మొదలుపెట్టారు.

ఇక భిలాయ్ సంగతి. ఆ ఊరు పుట్టిందే రాకపోకల మీద. అక్కడ ఉక్కు కర్మాగారం కట్టడానికి 1955 ఫిబ్రవరి 2న భారత్, సోవియట్ యూనియన్ ఒప్పందం చేసుకున్నాయి. నాలుగేళ్లకు, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. వెనియమిన్ దిమ్షిత్స్ లాంటి ఇంజనీర్ల వెంట వందలమంది సోవియట్ నిపుణులు, వాళ్ల భార్యాపిల్లలు ఆ ఎర్రమట్టిలో కాపురాలు పెట్టారు. మనవాళ్లు అటు వెళ్లి ఉక్కు పని నేర్చుకొచ్చారు. 1972లో పెట్టిన జంతు ప్రదర్శనశాలకు మైత్రీ బాగ్ అని పేరు పెట్టుకున్నారంటే, ఆ స్నేహాన్ని ఊరు ఎంత సొంతం చేసుకుందో తెలుస్తుంది.

అయితే భిలాయ్ పిల్లలు అసలు పాఠం నేర్చుకున్నది రష్యన్ల దగ్గర కాదు, పక్క క్వార్టర్ వాళ్ల దగ్గర. ప్లాంటు ఉద్యోగాలకు శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చిన తెలుగువాళ్లు, మలయాళీలు, బెంగాలీలు, పంజాబీలు, ఒడియాలు, బిహారీలు, చుట్టుపక్కల ఊళ్ల ఛత్తీస్‌గఢీలు, అందరికీ ఒకే నమూనా ఇళ్లు కట్టి, సీనియారిటీని బట్టి పంచిపెట్టారు. కులం అడగలేదు, భాష అడగలేదు. గోడకటు కొబ్బరినూనె పోపు, ఇటు ఆవనూనె పోపు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ మానవశాస్త్రవేత్త జోనథన్ పరీ 1990ల నుంచి ఈ ఊరిని పట్టుకుని తిరిగి, 2020లో పెద్ద పుస్తకమే రాశారు. ఆయన రాతల్లో ఈ టౌన్‌షిప్ మనుషులు పాత ఊరి కట్టుబాట్లను వదిలించుకునే తీరు, వదలక పట్టుకునే తీరు రెండూ కనిపిస్తాయి.

అలాంటి క్వార్టర్లో మూడో తరం తెలుగు పిల్లను తీసుకోండి. సెక్టార్ 5లో ఆంధ్ర సాహిత్య సమితి వాళ్ల బాలాజీ గుడి ఉంది కదా, ఆ పక్క వీధి అనుకుందాం. పేరెందుకు, సెక్టార్ 5 పిల్ల అందాం. అమ్మమ్మతో ఉత్తరాంధ్ర యాస, అమ్మతో సగం హిందీ కలిసిన తెలుగు, వీధిలో హిందీ, కూరగాయల బండి దగ్గర ఛత్తీస్‌గఢీ, బళ్లో ఇంగ్లీషు. పొద్దున్న లేచి రాత్రి పడుకునేలోపు ఈ పిల్ల అరడజను సరిహద్దులు దాటుతుంది, పాస్‌పోర్టు లేకుండానే.

ఆమెకు ఫ్రెంచి ఎంత కొత్త? అంకెల దగ్గరే చూడండి. ఫ్రెంచి నేర్చుకునే ఇంగ్లీషువాళ్లు ఎనభై దగ్గర తల పట్టుకుంటారు. ఫ్రెంచిలో ఎనభై అంటే ‘నాలుగు ఇరవైలు’, తొంభై అంటే ‘నాలుగు ఇరవైల పది’. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ఇరవైని కోరీ అని, ఎనభైని చార్ కోరీ అని లెక్కపెడతారు. కూరగాయల బుట్ట ముందు కూచున్న ముసలమ్మ లెక్క, పారిస్ కొట్టువాడి లెక్క ఒకటే. ఈ మాట ఏ ఫ్రెంచి ట్యూషన్‌లోనూ చెప్పరు.

మర్యాదలూ అంతే. ఇంగ్లీషుకు అందరూ ‘యూ’నే. ఫ్రెంచికి మనలాగే రెండున్నాయి, తు అంటే నువ్వు, వు అంటే మీరు. ఎవరిని ఏమనాలో అక్కడి పిల్లలకూ ఒక్కోసారి తికమకే. 1966లో కాథలిక్కులు ఫ్రెంచి ప్రార్థనలో దేవుణ్ణి ‘మీరు’ అనడం మాని ‘నువ్వు’ అనడం మొదలుపెట్టారు. వేంకటేశ్వరస్వామిని మొదటినుంచీ నువ్వు అంటున్న మనకు ఇందులో వింతేముంది? చిక్కంతా మనుషుల దగ్గరే. ఆతిథ్యమిచ్చిన యాభై ఏళ్లావిడ మొదటి రోజే తనను పేరు పెట్టి పిలవమంటుంది, నువ్వు అనమంటుంది. ఆంటీ అనే మాట అక్కడ లేదు. పేరు చివర గారు తగిలించడానికి వీల్లేదు. సెక్టార్ 5 పిల్ల ఓ నెల పాటు ఆవిణ్ణి ఏమీ పిలవకుండా, ఎదురుగా వెళ్లి నిలబడి మాట్లాడి, పని కానిచ్చుకుంటుంది. తెలుగువాళ్లకు ఇదీ తెలిసిన విద్యే. భర్త పేరు పలకకుండా కాపురం మొత్తం నడిపిన అమ్మమ్మల మనవరాలు కదా.

మన ఊహలోని ఫ్రెంచి ఇల్లు ఎక్కడుందో కూడా చెప్పుకోవాలి. పారిస్ అనుకుంటారు అందరూ. ఈ పిల్లకు తగినది ఈశాన్యాన లొరేన్ ప్రాంతంలోని హయాంజ్. చిన్న లోయ, ఇనుప ఖనిజం ఊళ్లు, ఇటలీ నుంచి పోలండ్ నుంచి పని వెతుక్కుంటూ వచ్చి స్థిరపడ్డవాళ్ల మనవలు. అక్కడి మిల్లులో 108 మీటర్ల పొడవైన రైలు పట్టాలు తీస్తారు, ఫ్రెంచి రైళ్లు వాటి మీదే పరుగెడతాయి. భిలాయ్ మిల్లు 130 మీటర్ల పట్టా తీసి, రెండిటిని అతికించి 260 మీటర్లు చేసి మన రైల్వేకు పంపుతుంది. హయాంజ్ పట్టాల మిల్లు కొన్నేళ్లు టాటాల చేతిలో ఉండి చేతులు మారింది. ఆ పక్కనే మిట్టల్ వాళ్ల బ్లాస్ట్ ఫర్నేసులు 2011లో ఆగి, మళ్లీ వెలగలేదు. ఆ గొడవలో 2012లో ఒక ఫ్రెంచి మంత్రి మిట్టల్ ఇక ఈ దేశంలో వద్దని పైకే అనేశాడు. కాబట్టి ఇండియా నుంచి వచ్చిన పిల్లను ఆ ఊళ్లో ఎవరైనా మిట్టల్ గురించి అడిగితే ఆశ్చర్యపోనక్కర్లేదు. టౌన్‌షిప్‌లో రెగ్యులర్ ఉద్యోగాలు కరిగిపోవడం చూస్తూ పెరిగిన పిల్ల దగ్గర ఆ ప్రశ్నకు జవాబుంటుంది. గచ్చిబౌలి పిల్ల దగ్గర ఉండదు.

ఇప్పుడు భోజనాల బల్ల. ఏడాదంతటికీ అసలు తరగతి గది ఇదే.

మొదటి రాత్రి, ఎనిమిది గంటలు. పిల్ల ప్రయాణపు ఆకలితో ఉంది. రొట్టెకు కంచం లేదు, పొడవాటి బాగెట్‌ను విరిచి బల్లగుడ్డ మీదే పెట్టుకున్నారు. ఎంగిలి అంటు అనుకునే మనసుకు అక్కడే మొదటి కుదుపు. బంగాళాదుంపలు పాలమీగడలో ఉడికించి పైన ఎర్రగా కాల్చిన వంటకం తిరిగింది. కొత్త చోటు, మొహమాటం, చిన్న ముక్క పెట్టుకుంది. అది రెండు నిమిషాల్లో అయిపోయింది. ఇంటావిడ గిన్నె ఎత్తి ఇంకాస్త పెట్టనా అన్నట్టు అడిగింది. పిల్ల నవ్వి, నేర్చుకొచ్చిన మర్యాదంతా కూడగట్టుకుని ‘మెర్సీ’ అంది. గిన్నె ముందుకు వెళ్లిపోయింది.

పెట్టబోతున్నప్పుడు ఉత్తి ‘మెర్సీ’ అంటే అక్కడ చాలాసార్లు ‘వద్దండీ, చాలు’ అనే అర్థం. కావాలంటే ‘అవును, సంతోషంగా’ అని నోరు తెరిచి చెప్పాలి. మన ఇళ్లలో వద్దు అన్నది చర్చకు మొదలు. ఒకటోసారి వద్దు, రెండోసారి అబ్బే, మూడోసారి చెయ్యి అడ్డం పెట్టడం, దాన్ని తప్పించి గరిటె దించడం. పెట్టేవాళ్ల ప్రేమ ఎంతో ఆ మూడో గరిటెలో తేలుతుంది. ఫ్రెంచి ఇంట్లో ఒక్కసారి వద్దంటే వద్దనే, పిల్ల మాటకు అంత విలువ. ఆకలితో పడుకున్న ఆ రాత్రి అది విలువలా అనిపించదు, నిర్దయలా అనిపిస్తుంది. రెండు వారాలకు అర్థమవుతుంది. తనకేం కావాలో తనే చెప్పాలని పదహారేళ్లలో మొదటిసారి ఒక ఇల్లు తనను నమ్మింది.

తర్వాత చీజ్. ప్రధాన వంటకానికీ తీపికీ మధ్య చెక్క పలక మీద వస్తుంది. బ్రీ అనే రకం త్రికోణంగా ఉంటుంది. మెత్తటి కొస చూస్తే ఎవరికైనా అదే కోసుకోవాలనిపిస్తుంది. కోస్తే బల్ల చుట్టూ నిశ్శబ్దం. రుచంతా ఆ కొసలో ఉంటుందట, అందుకని కొస నుంచి అంచు దాకా నిలువుగా సన్నగా కోసుకోవాలి, అందరికీ కొంచెం కొస, కొంచెం తోలు. కొస నరికేయడాన్ని చీజ్ ముక్కు కోయడం అంటారు. పెద్ద ముక్క ఎవరికి, గడ్డపెరుగు మీది మీగడ ఎవరికి అనే తగువు తెలిసిన పిల్లకు ఈ న్యాయం చప్పున ఎక్కుతుంది. చీజ్ వాసన మాత్రం అలవాటు కావడానికి సంక్రాంతి దాకా పడుతుంది. సూట్‌కేసులో తెచ్చిన ఆవకాయ సీసా మూత తీసిన రోజున లెక్క సరిపోతుంది.

ఫ్రెంచివాళ్ల భోజన సంప్రదాయాన్ని 2010లోనూ, బాగెట్‌ను 2022లోనూ యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. అలాంటి ఇంట్లో కూడా నిన్నటి ఎండు రొట్టెను పారేయరు. పాలల్లో గుడ్డులో నానబెట్టి వేయించి పిల్లలకు పెడతారు. దాని పేరుకు అర్థం ‘పోయిన రొట్టె’. శ్రీకాకుళం చద్దన్నానికీ, ఛత్తీస్‌గఢ్ బోరే బాసికీ అది పెద్దమ్మ కూతురు. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున్న ఉల్లిపాయ నంజుకుని తినే బోరే బాసిని 2022 మే 1న కార్మిక దినం పేరుతో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వమే అందరినీ తినమంది. మంత్రులు, కలెక్టర్లు ఫొటోలు దిగారు. ఏ సంస్కృతి గొప్పతనమైనా తెలియాలంటే దాని పండగ భోజనం కాదు, మిగిలిపోయిన దాన్ని ఏం చేస్తుందో చూడాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

బల్ల దగ్గర ఆడపిల్ల కంటే మగపిల్లాడే ఎక్కువ నేర్చుకుంటాడు. కంచాలు సర్దడం, తీయడం, గిన్నెల యంత్రం ఖాళీ చేయడం, పక్కబట్టలు మార్చుకోవడం వంతులవారీగా పిల్లలందరి పని. తిన్న కంచం ఎప్పుడూ ఎత్తని అబ్బాయిని భిలాయ్ నుంచి పంపిస్తే, వాడు ఫ్రెంచి వచ్చినా రాకపోయినా ఆ ఒక్కటీ నేర్చుకుని వస్తాడు. టికెట్టు డబ్బులు దానితోనే తీరినట్టు.

మిగతా ఇంటి సంగతులు త్వరగా చెప్పేయవచ్చు. మరుగుదొడ్డి ఒక గది, స్నానాల గది ఇంకొకటి. మరుగుదొడ్డిలో కాగితమే, నీళ్లుండవు. అందుకే అనుభవమున్నవాళ్లు సూట్‌కేసులో మొట్టమొదట ప్లాస్టిక్ మగ్గు పెట్టుకోమంటారు. గది తలుపులు వేసే ఉంటాయి, తట్టి లోపలికి వెళ్లాలి. ఆదివారం కొట్లు దాదాపు అన్నీ మూత. బస్సెక్కితే డ్రైవరుకు, కొట్లోకి వెళ్తే కొట్టువాడికి ముందు ‘బోంజూర్’ చెప్పాలి. అది చెప్పకుండా నేరుగా ఫలానాది ఉందా అని అడిగితే మొహం ముడుచుకుంటారు. మనం ఆ పలకరింపంతా ‘ఏమ్మా బావున్నావా’ అనే తెలిసినవాళ్లకే దాచుకుంటాం.

బడి పొద్దున్న ఎనిమిదికి మొదలై సాయంత్రం ఐదూ ఆరూ దాకా సాగుతుంది, బుధవారం చాలాచోట్ల సగం రోజే. మార్కులు ఇరవైకి. పద్నాలుగు వస్తే పండగ, ఇరవై ఎవరికీ రాదనే నమ్మకం. భోజనానికి గంట పైన విరామం, క్యాంటీన్లో కూచుని నాలుగు రకాలు తినాలి. 2019 నవంబరు నుంచి బడి క్యాంటీన్లన్నిటిలో వారానికి ఒకరోజు శాకాహారం తప్పనిసరి, మిగతా రోజుల్లో శాకాహారి పిల్ల బతుకు సలాడ్లూ గుడ్లే. ఆఖరి ఏడాది పిల్లలు బాకలోరియా పరీక్షలో నాలుగు గంటలు కూచుని తత్వశాస్త్రం రాస్తారు. ఏ, బీ, సీ, డీల్లో టిక్కు పెట్టే అవకాశం లేదు. మన పిల్ల వెనక బెంచీలో కూచుని అది విని, సగమే అర్థమై, ఆ సగంతోనే కొంత మారుతుంది.

అన్నీ బాగున్నాయనడం లేదు. 2004 మార్చి 15 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ బడుల్లో మతాన్ని కొట్టొచ్చినట్టు చూపించే గుర్తులు వేసుకోకూడదు. చిన్న లాకెట్టుకు అడ్డు లేదు, తలపాగాకు ఉంది. అంటే భిలాయ్‌లో ఈ పిల్ల పక్క క్వార్టర్ సర్దార్జీ కొడుకు అదే కార్యక్రమంలో వెళ్తే, పాగా తీయకుండా ఆ ఊరి ప్రభుత్వ బడిలో అడుగుపెట్టలేడు. సమానత్వం అన్న మాటను ఫ్రెంచివాళ్లు అలా అర్థం చేసుకున్నారు, భిలాయ్ ఇంకోలా అర్థం చేసుకుంది. ఈ విషయంలో భిలాయ్‌దే పైచేయి.

ఇంకో ముల్లు మన వైపుదే. ఏదో ఒక సాయంత్రం ఆ ఇంటి చిన్నపిల్ల, మీ భాషలో నా పేరు రాయవా అని కాగితం ఇస్తుంది. మూడో తరం భిలాయ్ పిల్లల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు, చదవలేరు, రాయలేరు. అందుకని హిందీలో రాసిస్తుంది. ఇది మీ అమ్మ భాషేనా అని అడిగితే చెప్పడానికి చాలా సేపు పడుతుంది. సీబీఎస్ఈ సబ్జెక్టుల వరుసలో తెలుగుకు 007, ఫ్రెంచికి 018 నంబర్లున్నాయి. భిలాయ్‌లో ఎంతమంది తెలుగు తల్లిదండ్రులు ఆ మొదటి నంబరు గురించి బడిలో అడిగారో వాళ్లే గుర్తుచేసుకోవాలి. పారిస్‌లో ఇనాల్కో అనే ప్రభుత్వ విద్యాసంస్థ ఉంది, 1795 నాటిది. దానిలో తెలుగు నేర్పుతూ వచ్చిన డానియెల్ నెజెర్స్ అనే ఫ్రెంచాయన బుర్రకథ మీద పరిశోధన చేశారు. హయాంజ్ ఇంట్లో ఎవరో ఆ సంగతి చెబితే తప్ప మన పిల్లకు తెలిసే దారి లేదు.

భిలాయ్ నుంచి ఫ్రాన్సు వెళ్లిన వాళ్లు లేరా? ఉన్నారు, అదీ ఊరంతా తలెత్తుకునేలా. పక్కనున్న గనియారీ ఊరి తీజన్ బాయి, పండవానీ గాయని. బడి చదువు లేకుండానే, చేతిలో తంబూరాతో భీముడి కథ ఛత్తీస్‌గఢీలో చెప్తూ ఫ్రాన్సుతో సహా ఎన్నో దేశాలు తిరిగారు. భిలాయ్ స్టీల్ ప్లాంట్ ఆమెకు ఉద్యోగం ఇచ్చింది, ప్రభుత్వం 2019లో పద్మవిభూషణ్ ఇచ్చింది. ఆమె తన భాష వదిలి ఫ్రెంచి నేర్చుకుని వెళ్లలేదు. ఎక్స్ఛేంజ్ పిల్లలను ఎంపిక చేసే పెద్దలు ఇంగ్లీషు ధారాళంగా వస్తుందా అని చూసేముందు, ఈ పిల్ల దగ్గర ఇచ్చి రావడానికి ఏముందని చూస్తే బాగుంటుంది.

ఇంతకీ ఆ ఏడాది ఎందుకు దొరకదు? డబ్బు ఒక కారణమే. పెద్ద కారణం పదకొండో తరగతి. సీబీఎస్ఈ పద్ధతిలో పదకొండు, పన్నెండు కలిసి రెండేళ్ల ఒకే గట్టు. పదకొండులో నమోదు, 75 శాతం హాజరు, పన్నెండు చివర బోర్డు పరీక్ష, ఆ వెంటనే జేఈఈ, నీట్. భిలాయ్‌కి ఐఐటీ పిల్లల ఊరని పేరు, 2016 నుంచి ఐఐటీయే ఆ ఊరి పేరు పెట్టుకుంది. పదిహేనేళ్లు వచ్చేసరికి పిల్లలు సైకిలు మీద బడి నుంచి కోచింగుకి, కోచింగు నుంచి డౌట్స్ క్లాసుకి. ఎక్స్ఛేంజ్ అంటే తండ్రి నోట వచ్చే మొదటి మాట, ఏడాది వేస్టవుతుంది కదమ్మా.

ఈ ‘వేస్టు’ లెక్క ఎవరు వేశారో అడగాలి. 2024 మార్చిలో సీబీఎస్ఈ 20 స్కూళ్ల గుర్తింపు రద్దు చేసింది. డమ్మీ విద్యార్థులను చూపించడం వాటి మీదున్న ఆరోపణల్లో ముఖ్యమైనది. డమ్మీ అంటే బడిలో పేరుంటుంది, పిల్ల కోచింగ్ సెంటర్లో ఉంటుంది. రెండేళ్లు బడి మొహం చూడని పిల్ల చదువుకుంటున్నట్టు, ఫ్రాన్సులో రోజూ ఎనిమిదింటికి బడికి వెళ్లి సాయంత్రం దాకా పరాయి భాషలో చరిత్ర, లెక్కలు విని, రాత్రి ఇంటి పని చేసే పిల్ల ఏడాది పోగొట్టుకున్నట్టు. కోచింగులో లాంగ్‌టర్మ్ అని ఇంకో ఏడాది, అవసరమైతే మరో ఏడాది కూచోబెట్టే ఇంట్లోనే ఈ మాట వినిపిస్తుంది. లాంగ్‌టర్మ్‌ను ఎవరూ వేస్టు అనరు. పదో తరగతి అయ్యాక ఒక్క ఏడాది సెలవిచ్చి, తిరిగొచ్చిన పిల్లకు పదకొండులో సీటు ఉంచుతామని బడి ఒక కాగితం ఇస్తే చాలు, సగం భయం పోతుంది. ఆ కాగితానికి ప్రభుత్వ ఖజానా నుంచి ఒక్క రూపాయి కదలనక్కర్లేదు.

పరీ పుస్తకంలో భిలాయ్ జనం వాడే రెండు మాటలు పదేపదే వస్తాయి, నౌకరీ, కమాయీ. ప్లాంటులో రెగ్యులర్ ఉద్యోగమైతే నౌకరీ, ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద కూలైతే కమాయీ. ఎక్స్ఛేంజ్ ఇవాళ నౌకరీ వాళ్ల పిల్లలకు కూడా అందీ అందని పండు. ఖుర్సీపార్, క్యాంపు బస్తీల్లో ఠేకా కూలీల తెలుగు పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. బ్లాస్ట్ ఫర్నేసు వేడి ఇద్దరు తండ్రులకూ ఒకటే. ప్లాంటు సీఎస్ఆర్ సొమ్ముతోనో సంఘాల చందాతోనో ఏటా ఒక్క బస్తీ పిల్ల టికెట్టు కొనడం ఊరికి బరువేమీ కాదు. గుడి బ్రహ్మోత్సవానికి పోగయ్యే చందా చూసినవాళ్లెవరూ కాదనరు.

ఖర్చు లేని పని మరొకటుంది, దానితోనే మొదలుపెట్టాలి. మార్పిడి అన్నాక అటునుంచి ఇటు కూడా రావాలి. ఒక ఫ్రెంచి పిల్ల భిలాయ్ క్వార్టర్లో ఉండాలంటే కావలసింది ఒక మంచం, ఒక బల్ల, ఇంటివాళ్ల ధైర్యం. ఆడపిల్లను ఎలా చూసుకుంటాం, పొట్టి నిక్కరుతో వీధిలోకి వెళ్తే ఏమంటారు, మాంసం అడిగితే ఏం చేస్తాం, పెరటి బాత్రూం చూసి ఏమనుకుంటుంది? ఈ ప్రశ్నల్లో కొన్ని నిజమైనవి, కొన్ని ‘నలుగురూ ఏమనుకుంటారో’ అనే పాత జబ్బు. 1950ల చివర్లో, రోడ్లు సరిగా పడని రోజుల్లో, అదే ఊరు రష్యన్ పిల్లలను చూసి నవ్వి, పేర్లు నేర్చుకుని, ఆటలో కలుపుకుంది. ఇప్పుడు రోడ్లున్నాయి, ఏసీలున్నాయి, దుర్గ్ నుంచి విశాఖకు 2024 సెప్టెంబరు నుంచి వందే భారత్ ఉంది. వచ్చిన పిల్లకు అమ్మమ్మ ఊరి సముద్రం కూడా చూపించవచ్చు.

సంక్రాంతి పొద్దున్న అనుకోండి. హయాంజ్ నుంచి వచ్చిన పిల్ల సెక్టార్ 5లో చాప మీద మఠం వేసుకుని, మోకాళ్లు నొప్పెడుతుంటే అటూ ఇటూ జరుగుతూ కూచుంది. ముందు అరిటాకు. అరిసె తింది, పులిహోర తింది, పప్పులో నెయ్యి వేయించుకుంది. ఇక చాలని, నేర్చుకొచ్చిన మర్యాదతో ‘మెర్సీ’ అంది. ఇంటావిడకు అది ఏ భాషో తెలియదు, వద్దంటోందని మాత్రం తెలుసు. గరిటె దిగింది. పిల్ల కంగారుగా రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టింది. అమ్మమ్మ పక్కనుంచి ఆ చేతులు మెల్లగా పక్కకు తీస్తూ, ‘దానికి ఇంకా రాలేదు పెట్టించుకోవడం, ఇంకొంచెం వెయ్యి’ అంది.